విద్యుత్ సైకిలు మోటారు: బలము పెంచుటకు ముందు వేడి సంగతి చూడండి



పాల క్యాన్లు, పచ్చిగడ్డి మోపులు, కూరగాయల గంపలు విద్యుత్ సైకిలుపై చేరవేయు వారికి కొన్నాళ్లకు మోటారు బలము చాలదని తోచుట సహజము. బలము పెంచుట కష్టము కాదు. పెంచిన పిమ్మట మోటారు కాలిపోకుండా కాపాడుకొనుటే కష్టము.

వేడి ఎట్లు పుట్టును?

మోటారు చక్రము నడుమ హబ్బులోనే ఉండును. అందలి రాగి చుట్లలో కరెంటు రెట్టింపైనచో వేడి నాలుగింతలగును. 36 వోల్టుల బ్యాటరీకి 15 ఆంపియర్ల కంట్రోలరు తీసి 20 ఆంపియర్లది అమర్చినారనుకొనండి. తీసుకొను విద్యుత్తు 540 వాట్ల నుండి 720 వాట్లగును. అనగా మూడవ వంతు హెచ్చు. చుట్లలోని కరెంటు కూడ అదే పాళ్లలో పెరిగినచో వేడి మాత్రము 78 శాతము హెచ్చును. పైగా 25 డిగ్రీల రాగి 125 డిగ్రీలకు చేరునప్పటికి దాని నిరోధము సుమారు 38 శాతము పెరుగును. కనుక వేడియే మరింత వేడిని పుట్టించును.

పొలములోని పంపుసెట్టు మోటారుకు వెనుక ఫ్యాను ఉండును. సబ్‌మెర్సిబుల్ మోటారును నీరే చల్లార్చును. 1979లో మొదటి యూనిటు ప్రారంభమైన ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రము సైతము వేడిని వదలించుకొనుటకు కృష్ణ నీటిపై ఆధారపడును. మూసియున్న హబ్బుకు ఇవేవియు లేవు గదా!

బరువుతో ఎత్తు ఎక్కునపుడు చక్రము నెమ్మదించును. అప్పుడు తీసుకొన్న విద్యుత్తులో సగానికి పైగా వేడిగా మారవచ్చును. విజయవాడ వైపు చదునైన రోడ్డుపై చక్కగా నడచిన మోటారు, అదే బరువుతో కొండపల్లి కోట దారిలో కాలిపోవచ్చును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినపుడు ప్రమాదము ఇంకను హెచ్చు. తీగపై పూత మాడును, అయస్కాంతములు బలము కోల్పోవును, లోపల నైలాను పళ్లచక్రములున్నచో అవి మెత్తబడి అరుగును.

చేయవలసిన పనులు

1. చుట్లకు ఆనించి ఉష్ణోగ్రత తెలుపు సెన్సారు పెట్టించండి. 100 డిగ్రీల వద్ద కరెంటు తగ్గనారంభించి, 120 వద్ద ఆగునట్లు కంట్రోలరును సరిచేయించండి. పళ్లచక్రముల మోటారుకు ఈ హద్దులు ఇంకను తగ్గించవలెను. హబ్బును చేతితో తాకి చూచుట చాలదు. లోపలి వేడి పైకి ఆలస్యముగా వచ్చును.

2. పళ్లచక్రములు లేని మోటారులో కొద్ది మిల్లీలీటర్ల అయస్కాంత ద్రవము పోసినచో, అది సందులో నిలిచి వేడిని పైచిప్పకు చేర్చును. పళ్లచక్రముల మోటారులో పోయరాదు.

3. గాలి కొరకు హబ్బుకు రంధ్రములు చేయవద్దు. కాలువ నీరు, రేగడి బురద లోనికి పోయి బేరింగులను, చుట్లను పాడుచేయును.

4. బరువు మోయు సైకిలుకు చిన్న చక్రము మేలు. అదే బరువును తక్కువ కరెంటుతో లాగగలదు.

5. బయలుదేరునపుడు, ఎత్తు ఎక్కునపుడు పెడలు తొక్కండి. వేడెక్కినచో నీడన ఆపి చల్లారనీయండి.

6. ఇరుసు తిరిగి తీగలు తెగకుండా ఇనుప పట్టీ బిగించండి. కంట్రోలరు కరెంటు బ్యాటరీ ఓర్వగల హద్దును దాటరాదు.

చట్టము సంగతి

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనల ప్రకారము, మోటారు 30 నిమిషములు ఇవ్వగల బలము 250 వాట్లకు, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోబడి, బ్యాటరీ గాక బరువు 60 కిలోలు మించనిచో, తక్కిన షరతులకు లోబడి, అది మోటారు వాహనము కాదు. ఈ హద్దు దాటినచో రిజిస్ట్రేషను, లైసెన్సు, భీమా కావలెను. ఏదైన ప్రమాదము జరిగినపుడు నష్టపోవునది రైతే. గ్రామాధికారులు ఈ విషయమును ముందుగానే తెలియజేయుట మంచిది.

కావున మొదట సెన్సారు, చిన్న చక్రము, పెడలు సాయము చూడండి. వీనితోనే చాలమందికి పని గడచును. అప్పటికిని చాలనిచో, ఉన్న మోటారును మాడ్చుకొనుటకంటె బరువుకు తగిన, ఆమోదము పొందిన వాహనము కొనుటే లాభము.