బాప్టిస్టుల పుట్టుపూర్వోత్తరములు

క్రీ. శ. 1609లో హాలెండు దేశమునందలి ఆమ్‌స్టర్‌డాము నగరమున, స్వదేశములోని మతనిర్బంధమునకు తాళలేక సముద్రము దాటి వచ్చిన కొందరు ఆంగ్లేయుల సమక్షమున, జాన్ స్మైత్ అను బోధకుడు తన శిరస్సుపై తానే నీరు పోసికొని తనకు తానే బాప్తిస్మ మిచ్చుకొనెను. పిమ్మట నాటింగ్‌హామ్‌షైరు భూస్వాములలో నొకడును, తన ప్రవాసమునకు ధనసాహాయ్య మొనర్చినవాడును అగు తామస్ హెల్విసునకును, తక్కిన అనుచరులకును అదే విధమున ఇచ్చెను. వీరందరును శైశవమునందే ఇంగ్లాండు రాజసంఘములో బాప్తిస్మము పొందినవారే. స్మైత్ కేంబ్రిడ్జిలో విద్య నభ్యసించి, ఆ సంఘముననే దీక్ష గొని, లింకన్ పట్టణమున ప్రసంగీకుడుగా నుండినవాడు. అట్టివాడు పొందిన సంస్కారమును కాదని మరల పొందుటయు, దానిని తన చేతితో తానే జరుపుకొనుటయు నాటి క్రైస్తవలోకమున కెంత వింతగా తోచెనో చెప్పనక్కరలేదు. విరోధులు ఆయనకు స్వయంబాప్తిస్మి యని పేరు పెట్టి పరిహసించిరి.

స్మైత్ తర్కము మాత్రము సూటియైనది. బాప్తిస్మము మారుమనస్సు పొందిన వానికే చెల్లును. శిశువునకు మారుమనస్సు లేదు. కావున శైశవమున జరిగినది బాప్తిస్మము కానేకాదు. అది కానప్పుడు ఇంగ్లాండున సరియైన బాప్తిస్మము పొందినవా డొక్కడును లేడు. ఇక ఇచ్చువా డెవడు? ఎవడో ఒకడు మొదలుపెట్టవలెను గదా యని తానే మొదలుపెట్టెను. కాని తర్కమెంత సూటియైనను మనస్సు నిలువలేదు. ఆ నగరముననే, శిశుబాప్తిస్మమును నిరాకరించిన మెనొనైటు లను డచ్చి విశ్వాసులు అంతకుముందునుండియే కలరు. ఈ ఆంగ్లేయులు తల దాచుకొనిన రొట్టెలబట్టీ యొకటి ఆ శాఖకు చెందిన గృహస్థునిదే. ఇంత చేరువలో సంఘ ముండగా నేను తొందరపడితినా యని స్మైత్ సందేహించి, 1610లో తమ్ము చేర్చుకొను డని వారిని వేడుకొనెను. ఆ ప్రార్థన నెరవేరకమునుపే 1612లో క్షయవ్యాధితో మరణించెను.

హెల్విసు ఇందుకు సమ్మతింపలేదు. తాము పొందిన బాప్తిస్మము సత్యమే యనియు, దానిని మరియొక సంఘముయొక్క చేతిమీదుగా పొందినగాని చెల్లదనుట బిషప్పుల పరంపరావాదమును మరల తలకెత్తుకొనుటయే యనియు ఆయన మెనొనైటులకు వ్రాసెను. ఆయన చూపిన ప్రమాణము బాప్తిస్మమిచ్చు యోహాను: తాను ఎవరిచేతను బాప్తిస్మము పొందకయే ఇతరులకు బాప్తిస్మ మిచ్చినవాడు. వారసత్వము లేనివాడే మొదటి బాప్తిస్మదాత యను ఈ వాదమును పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఏలయన రెండు శతాబ్దములు దాటిన పిమ్మట, బాప్టిస్టు నామధారులే కొందరు అదే యోహానునుండి తమకు తెంపులేని వంశవృక్షమును గీయబూనిరి.

ఆ కథకు ముందు వీరి విశ్వాసమును కొంత తెలియవలెను. క్రీస్తు దైవత్వము, త్రిత్వము, పునరుత్థానము మున్నగు విషయములలో వీరికిని తక్కిన ప్రొటెస్టంటులకును చెప్పదగిన భేదము లేదు. భేదమంతయు, సంఘమన నేమి యను ప్రశ్నయందు కలదు. పుట్టుకచేత ఎవడును క్రైస్తవుడు కాడు. తల్లిదండ్రుల విశ్వాసము బిడ్డకు ఆస్తివలె సంక్రమింపదు. తెలివి వచ్చిన వయస్సున, తన నోట తాను సాక్ష్యము చెప్పుకొని, సంఘము నమ్మిన తరువాత, నీట మునిగి బాప్తిస్మము పొందినవాడే సభ్యుడు. మునుగుట క్రీస్తుతోకూడ మరణించి సమాధి యగుటకును, లేచుట నూతన జీవమునకును గుర్తు; గుర్తే గాని నీటికి స్వతఃసిద్ధమైన మహిమ లేదు. ప్రభురాత్రి భోజనమును అట్టిదే. ఇట్టి సభ్యులు కూడిన ఒక్కొక్క స్థానిక సంఘము తనకు తానే పరిపాలకము: కాపరిని పిలుచుకొనుట, పరిచారకుల నెన్నుకొనుట, తప్పు చేసినవానిని మందలించుట, అన్నియు సభ్యుల నిర్ణయమే. పైన పోపు లేడు, బిషప్పు లేడు. సంఘములు కూడి సమాఖ్యలుగా నేర్పడును గాని ఆ సమాఖ్య సలహాదారే తప్ప యజమాని కాదు. అందుచేతనే బాప్టిస్టు లేమి నమ్ముదురని అడిగినచో ఏ బాప్టిస్టుల నడుగుచున్నారని ఎదురు ప్రశ్న వేయవలసివచ్చును.

ఇందుండి పుట్టినదే రాజ్యమునకు మతమునందు అధికారము లేదను సిద్ధాంతము. విశ్వాసము వ్యక్తి స్వయముగా ఒప్పుకొనవలసిన దైనప్పుడు రాజు దానిని ఆజ్ఞాపించుట కెట్లు వీలగును? హెల్విసు 1612 ప్రాంతమున స్వదేశమునకు మరలి, లండను శివారైన స్పిటల్‌ఫీల్డ్సునందు ఇంగ్లాండు గడ్డపై తొలి బాప్టిస్టు సంఘమును నిలిపి, తన గ్రంథప్రతిపై స్వహస్తముతో ఒక విజ్ఞప్తి వ్రాసి జేమ్సు రాజు నుద్దేశించెను. రాజు మర్త్యుడే గాని దేవుడు కాడనియు, ప్రజల యాత్మలపై ఆయనకు ఏలుబడి లేదనియు దాని తాత్పర్యము. తమకు మాత్రమే గాక యూదులకును, తురుష్కులకును, కడకు తాము ద్వేషించు రోమను కతోలికులకును మతస్వాతంత్ర్య ముండవలెనని ఆ గ్రంథమున వాదించెను. ఫలితము న్యూగేటు కారాగారము. 1616 నాటికి ఆయన జీవించి లేడు. నా దృష్టిలో బాప్టిస్టులు లోకమునకు పెట్టిన భిక్షలలో నీటి విషయమునకంటె ఇది గొప్పది.

స్మైత్, హెల్విసుల శాఖవారు క్రీస్తు సర్వజనుల కొఱకును మరణించెనని నమ్మినవారు. 1630 దశకములో లండనునందే, ఏర్పరపబడినవారి కొఱకే మరణించెనని నమ్ము మరియొక శాఖ, వేఱొక స్వతంత్ర సంఘమునుండి చీలి వెలసినది. ముంచుట యను పద్ధతి బాప్టిస్టుల మధ్య స్థిరపడినది ఈ రెండవ శాఖచేతనే. బాప్తిస్మమనగా ముంచుటయే యని తేల్చుకొని, అట్లు చేయువారు ఇంగ్లాండున లేరని రిచర్డ్ బ్లంట్ అను డచ్చిభాష తెలిసినవానిని హాలెండునకు పంపి విచారింపజేసిరి. 1641–42 చలికాలమున అతడును, బ్లాక్‌లాక్ అను మరియొకడును తక్కిన వారిని నీట ముంచిరి. 1644లో ఏడు లండను సంఘములు ప్రకటించిన విశ్వాస ప్రమాణమున ముంచుట విధిగా చెప్పబడినది. పుట అంచున, ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని మర్యాదకు తగిన వస్త్రములు ఉండవలెనను సూచనయు కలదు. వీరు స్త్రీపురుషులను దిగంబరులుగా ముంచుచున్నారని ప్రతిపక్షులు చాటుచుండుటచేత ఆ సూచన అవసరమైనది.

ఇంతవరకు పత్రములు నిలిచియున్న చరిత్ర. ఇక వివాదమునకు వత్తము. 19వ శతాబ్ది మధ్యమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో, ముఖ్యముగా టెనెస్సీలో, జె. ఆర్. గ్రేవ్సు అను పత్రికాసంపాదకుడు ఒక యుద్యమము లేవదీసెను. నిజమైన సంఘము బాప్టిస్టు సంఘ మొక్కటియే. క్రీస్తు తన సంఘము నిలుచునని వాగ్దానము చేసినాడు గనుక అది ఏ కాలముననైనను లేకపోయియుండదు. కావున బాప్టిస్టులు యెరూషలేమునాటినుండి నేటివరకు తెంపులేక ఉండియే తీరవలెను అని అతని వాదము. ఇంగ్లీషువాడైన ఆర్చర్డు 1838లో వ్రాసిన చరిత్రను గ్రేవ్సు మరల అచ్చొత్తించి వ్యాపింపజేసెను. 1931లో జె. ఎం. కారొల్ పేర వెలువడిన ‘రక్తపు జాడ’ యను చిన్నపుస్తకము ఈ వాదమును గడపగడపకు చేర్చినది. దానితోడి పటమున ఇరువది శతాబ్దముల మీదుగా ఎఱ్ఱని చుక్కలు వరుసగా సాగును, ఒక్కొక్క చుక్క హింసల పాలైన బాప్టిస్టు సంఘమట. మోంటనిస్టులు, నోవేషియనులు, డోనటిస్టులు, పౌలీషియనులు, ఆల్బిజెన్సులు, వాల్డెన్సులు, అనాబాప్టిస్టులు: పేర్లు వేఱైనను అందరును బాప్టిస్టులే యని దాని సారాంశము.

ఈ పేర్లను ఒక్కటొక్కటిగా పట్టి చూచిన కొలది గొలుసు చేతిలోనే విడిపోవును. ఆఫ్రికా ఉత్తరతీరపు డోనటిస్టులకు బిషప్పులు వందలకొలది కలరు, శిశువులకు బాప్తిస్మము నిచ్చిరి. కతోలికులతో వారి తగవు, హింసాకాలమున జంకిన గురువుల చేతి సంస్కారము చెల్లునా యను విషయమై మాత్రమే. దక్షిణ ఫ్రాన్సులోని ఆల్బిజెన్సులు భౌతికజగత్తు దుష్టశక్తి సృష్టి యని నమ్మి నీటి బాప్తిస్మమునే త్రోసివేసి, చేతులుంచుటచేత దీక్ష నిచ్చిరి. నీరు వలదన్న వారిని నీట మునుగువారికి పితామహులుగా నిలుపుట ఏ న్యాయమో తెలియదు. వాల్డెన్సులు చిరకాలము కతోలిక దేవాలయములకు పోవుచునే యుండిరి. రోముచే హింసింపబడుట యొక్కటే వీరందరికిని సామాన్యము. శత్రువు ఒక్కడైనంతమాత్రమున బాధితులందరును ఒకే కుటుంబము కాజాలరు. వీరిని గురించి శత్రువులు వ్రాసినవే మిగిలినవి, సత్యము కాల్చివేయబడినదని గొలుసువాదులు బదులు చెప్పుదురు. ఆధారము లేకపోవుటయే ఆధారమని చెప్పునప్పుడు వాదము ముగిసినట్లే యెంచవలెను.

ఆధారము లేనిచోట కొందరు ఆధారమును తయారుచేయుటకును వెనుదీయలేదు. స్మైత్ తనకు తాను బాప్తిస్మ మిచ్చుకొనెననుట కొందరికి తలవంపుగా తోచెను. 19వ శతాబ్దిలో, లింకన్‌షైరులోని క్రౌల్ గ్రామమున దొరకిన పురాతన సంఘలేఖలని కొన్ని వెలువడినవి: 1606లో ఒక నడురేయి, దివిటీల వెలుగున, డాన్ నదిలో స్మైత్ మరియొకరి చేతిమీదుగా బాప్తిస్మము పొందినట్లు వానియందున్నది. చీకటి, దివిటీలు, నది, అన్నియు చక్కగా అమరినవి, చరిత్రయే అమరలేదు. హెన్రీ మార్టిన్ డెక్స్టరు అను అమెరికను పండితుడు 1881లో వీనిని పరీక్షించి, ఇవి కూటలేఖ లని బయటపెట్టెను. నదిలో బాప్తిస్మము పొందినవాడే అయినచో, మూడేండ్ల పిదప తాను తనకు ఇచ్చుకొంటినని స్మైత్ స్వయముగా ఎందుకు సమర్థించుకొనెనో ఆ లేఖలను కల్పించినవాడు ఆలోచింపలేదు.

ఈ వివాదమున మిక్కిలి నష్టపోయినవాడు విలియం విట్సిట్. కెంటకీ రాష్ట్రమున లూయీవిల్లులోని దక్షిణ బాప్టిస్టు వేదాంత పాఠశాలకు ఈయన అధ్యక్షుడు. లండను గ్రంథాలయములలో 17వ శతాబ్దపు కరపత్రములను పరిశోధించి, ఇంగ్లాండు బాప్టిస్టులు ముంచుటను ఆరంభించినది 1641లోనే యని తేల్చి, 1896లో గ్రంథముగా ప్రకటించెను. గొలుసు మధ్యనొక యేడాది తేదీ వేసి తెంచినట్లయినది. పత్రికలు మండిపడినవి, రాష్ట్ర సమాఖ్యలు తీర్మానములు చేసినవి, పాఠశాలకు ధనము నిలిపివేయుదుమను బెదిరింపులు వచ్చినవి. 1899లో ఆయన పదవికి రాజీనామా ఇచ్చి, పిదప రిచ్మండు కళాశాలలో అధ్యాపకుడుగా శేషజీవితము గడపెను. తేదీ మాత్రము రాజీనామా ఈయలేదు: నేడు ఆ పాఠశాలలోనే గాక బాప్టిస్టు చరిత్రకారులలో అత్యధికులు విట్సిట్ పక్షమువారే.

గొలుసువాదమునకును 1609 వాదమునకును నడుమ, మర్యాదగల మూడవ పక్షమొకటి కలదు. 1525 జనవరిలో స్విట్జర్లాండులోని జ్యూరిక్కున కొన్రాడ్ గ్రేబెల్ జార్జి బ్లౌరాకునకు బాప్తిస్మ మిచ్చుటతో ఆరంభమైన అనాబాప్టిస్టులే బాప్టిస్టుల జనకులని ఈ పక్షమువారందురు. రెండేండ్లకే వారిలో ఫెలిక్స్ మాంట్సును అధికారులు నీరు కోరినవానికి నీరే శిక్షయని లిమ్మట్ నదిలో ముంచి చంపిరి. విశ్వాసుల బాప్తిస్మమునందును, నిర్బంధరాహిత్యమునందును పోలిక స్పష్టము. స్మైత్ కడపటి దినములలో వారి ప్రభావము నిర్వివాదము. కాని అనాబాప్టిస్టులు ప్రమాణము చేయరు, ఖడ్గము పట్టరు, అధికారపదవి నొల్లరు. హెల్విసు మాత్రము ఈ మూడును క్రైస్తవునికి తగునని అంగీకరించెను. పైగా 1644 నాటి లండను ప్రమాణము శీర్షికయందే తమ్ము జనులు అబద్ధముగా అనాబాప్టిస్టులనుచున్నారని ఆక్షేపించిరి. పొరుగువారనుటకు సాక్ష్యము కలదు, తండ్రులనుటకు చాలదు.

ఈ కథకు తెలుగునేలతో గల సంబంధము స్వల్పము కాదు. 1836లో వచ్చిన శామ్యూల్ డే 1840లో నెల్లూరున స్థిరపడగా, అమెరికను బాప్టిస్టు మిషను మూడు దశాబ్దములకు కొద్దిమంది విశ్వాసులను మాత్రమే చూడగలిగెను. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దల మూలమునను, ఒంగోలున జాన్ క్లౌ దొర మూలమునను పరిస్థితి మారినది. 1876–78 కరవులో క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించి, కూడు కొఱకు చేరినారను మాట రాకుండ ఆ పనులు ముగియువరకు బాప్తిస్మములు నిలిపివేసెను. అవి ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కనాడే బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీ నీట నిలిచిరి. ఒడ్డున పేర్లు చదువబడుచుండెను. క్లౌ తాను నీట దిగలేదు. పెంతెకొస్తునాడు మూడువేలమందిని ఒక్క దినమున ముంచుట అసాధ్యమని ఆక్షేపించువారికి, సుమారు తొమ్మిది గంటలలో ముగిసిన ఈ గుండ్లకమ్మ సంఘటనను అమెరికాలోని బాప్టిస్టు వేదాంతులు ప్రత్యుత్తరముగా చూపుచుండిరి. ఒంగోలు సీమ పేదమాదిగలు ఈ విధముగా, తమకు తెలియకయే, ఖండాంతర వివాదమున సాక్షులైరి.

మరియొక సంగతి చరిత్రగ్రంథములలో అంతగా కానరాదు. 19వ శతాబ్ది చివరను నల్లగొండలో బాప్టిస్టు మిషను పని చేయుటకు వచ్చిన ఆబ్రహాం ఫ్రీసెన్ అమెరికనూ కాడు, ఆంగ్లేయుడూ కాడు. రష్యాలో స్థిరపడిన మెనొనైట్ బ్రదరన్ శాఖవాడు. స్మైత్ ఆమ్‌స్టర్‌డామున ఎవరి తలుపు తట్టెనో ఆ డచ్చి మెనొనైటుల సంతతిశాఖ తెలంగాణమున బాప్టిస్టుల పేరను, బాప్టిస్టుల ధర్మకర్తృత్వమున సేవ చేసినది. బాప్టిస్టులు ఆరంభించిన మహబూబ్‌నగరు క్షేత్రము 20వ శతాబ్దిలో మెనొనైట్ బ్రదరన్ చేతికి వచ్చినది. నేడు ఆ జిల్లా సంఘములు ఆ పేరుననే చెలామణి యగుచున్నవి.