మూడు వరసల క్రోమోజోములతో పుట్టిన ఆయిస్టర్

పసిఫిక్ ఆయిస్టర్ అనే ఆల్చిప్ప కణంలో 20 క్రోమోజోములు ఉంటాయి: తల్లి వరస పది, తండ్రి వరస పది. దాని మాంసానికి నిండుదనం తెచ్చేది ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్. వేసవిలో ఆ నిల్వంతా అండాలు, శుక్రకణాల తయారీకి ఖర్చయిపోతుంది. మాంసం పాలరంగుకు తిరిగి మెత్తబడుతుంది, అవి విడుదలయ్యాక పీలగా మిగులుతుంది. ఇంగ్లిషు పేరులో ‘ఆర్’ అక్షరం లేని మే నుంచి ఆగస్టు దాకా ఆయిస్టర్లు తినకూడదన్న పాశ్చాత్యుల ఆనవాయితీకి ఇదొక కారణం.

దీనికి విరుగుడు అండంలోనే దొరికింది. నీళ్లలోకి వచ్చేనాటికి ఆయిస్టర్ అండంలో క్షయకరణ విభజన ఇంకా పూర్తికాదు. శుక్రకణం చేరాకే అది అదనపు క్రోమోజోములను రెండు విడతలుగా, ధ్రువకణాల రూపంలో బయటికి నెడుతుంది. రెండో విడతను అడ్డుకుంటే అండంలో రెండు వరసలు మిగులుతాయి, శుక్రకణంతో మూడోది కలుస్తుంది. 1981లో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ, అలెన్, హిడు బూజుల నుంచి తీసే సైటోకలాసిన్-బి సాయంతో అమెరికన్ ఆయిస్టర్‌లో ఈ పని సాధించారు. తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పసిఫిక్ ఆయిస్టర్ వంతు వచ్చింది.

మూడు వరసలు ఉన్నచోట క్రోమోజోములు జతకట్టి సమంగా విడిపోలేవు. బీజకణాలు పెరగడమే కుంటుపడుతుంది, అండాలు బహు తక్కువగా తయారవుతాయి. వాటిలోనూ క్రోమోజోముల లెక్క కుదరదు కాబట్టి పిల్లలు దాదాపుగా బతకవు. గ్లైకోజన్ మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. అయితే ఈ వంధ్యత్వం అన్నింటిలో ఒకేలా ఉండదు. కొన్ని ట్రిప్లాయిడ్లు (మూడు వరసలవి) దాదాపు గొడ్డువి, కొన్ని గణనీయంగానే అండాలు పెడతాయని ఫ్రాన్స్ పరిశోధకులు గమనించారు.

విచిత్రంగా, వంధ్యత్వంలోని ఈ లోపమే హేచరీలకు వరమైంది. సైటోకలాసిన్-బి విషపూరితం, పైగా దానితో సీడ్ మొత్తం ట్రిప్లాయిడ్ అవుతుందన్న భరోసా లేదు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో షిమింగ్ గువో, స్టాండిష్ అలెన్ ట్రిప్లాయిడ్ ఆడవి అరుదుగా పెట్టే పెద్ద అండాలనే తీసుకున్నారు. మామూలు శుక్రకణాలతో ఫలదీకరించి, ఈసారి మొదటి ధ్రువకణాన్ని అడ్డుకున్నారు. అలా నాలుగు వరసల, అంటే 40 క్రోమోజోముల టెట్రాప్లాయిడ్లు బతికి బట్టకట్టాయి. ఆ ఫలితం 1994లో ప్రచురితమైంది. టెట్రాప్లాయిడ్ మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే చాలు, ఏ రసాయనమూ లేకుండా సంతానం దాదాపు మొత్తం ట్రిప్లాయిడే.

ఒక చిక్కు మిగిలింది. వయసు పెరిగేకొద్దీ కొన్ని ట్రిప్లాయిడ్లలో కొన్ని కణాలు అదనపు వరసను వదిలించుకుని రెండు వరసలకు తిరిగొస్తాయి. 1990ల మొదట్లో వర్జీనియాలోని యార్క్ నదిలో పరీక్షకు పెట్టిన ట్రిప్లాయిడ్ పసిఫిక్ ఆయిస్టర్లలో ఇది కనబడింది. పరాయి జాతి అక్కడ పాతుకుపోతుందన్న భయంతో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.