నుదుటి శస్త్రచికిత్స: ముందూ వెనుకా తెలుసుకోవలసినవి

వయస్సు పైబడిన కొద్దీ నొసటి చర్మం సడలి, కనుబొమ్మలు క్రిందికి జారి, మనిషి ఎంత ప్రసన్నంగా ఉన్నా చిరాకుతోనో అలసటతోనో ఉన్నట్లు కనిపించడం అనేకులకు అనుభవమే. దీనిని సరిచేయడానికి చేసే శస్త్రచికిత్సను ఫోర్‌హెడ్ లిఫ్ట్ అనీ, బ్రో లిఫ్ట్ అనీ అంటారు. ఆయుర్వేద వైద్యుడనైన నేను దీనిని గురించి వ్రాయడమేమిటని పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. మా అక్కయ్య ఈ చికిత్స చేయించుకున్న సందర్భంలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది. అటువంటిది మరొక ఇంట జరుగరాదనే ఈ వ్యాసం.

అక్కయ్య ఉపాధ్యాయురాలు. యాభై నాలుగవ ఏటికి ఆమె కనుబొమ్మలు బాగా జారాయి. "కోపం వచ్చిందా టీచర్?" అని తరగతిలో పిల్లలు అడిగేవారట. సాయంకాలమయ్యేసరికి నొసలు బిగబట్టినట్లు నొప్పి. నేను ఏడాదిపాటు కుంకుమాది తైలంతో మర్దన చేయించాను. చర్మానికి నునుపు వచ్చినది గాని, కనుబొమ్మలు వెంట్రుకవాసి కూడా పైకి లేవలేదు. "తమ్ముడూ, నీ నూనె ముఖానికి నిగ్గు తెచ్చింది. కంటికి అడ్డం మాత్రం తొలగించలేదు" అన్నది అక్కయ్య. ఆ మాట నిజం.

కారణమేమి?

నుదుటి మీద నిలువుగా పరచుకొని ఉన్న కండరం ఒక్కటే కనుబొమ్మను పైకి లేపుతుంది. అడ్డముడతలు దాని వల్ల కలుగుతాయి. కనుబొమ్మల నడుమ, కంటి చుట్టూ ఉన్న కండరాలు బొమ్మను క్రిందికి లాగుతాయి. భ్రుకుటి ముడిచినప్పుడు కనిపించే నిలువు గీతలు వీటివే. వయస్సుతో చర్మం, దాని లోపలి పొరలు సడలినప్పుడు చూపుకు అడ్డం రాకుండా నుదుటి కండరం రోజంతా బొమ్మలను ఎత్తిపట్టి ఉంచవలసి వస్తుంది. కొందరికి సాయంకాలపు నొసటి నొప్పి అందుచేతనే. లేపనాలు, తైలాలు చర్మపు పొడితనాన్ని తగ్గించగలవు. జారిన కణజాలాన్ని పైకెత్తే శక్తి వాటికి లేదు. ఈ సంగతి నేను అక్కయ్యకు మొదటనే చెప్పి ఉండవలసినది.

జారినది ఏది?

అద్దం ముందు కూర్చుని, నొసలు వదులుగా ఉంచి, కనుబొమ్మను వ్రేలితో మెల్లగా పైకి ఎత్తి చూడండి. రెప్పమీది మడత తొలగి చూపు విశాలమైతే బొమ్మ జారినదని ఊహించవచ్చు. బొమ్మ ఎత్తినా రెప్ప క్రిందికే ఉంటే లోపం రెప్పలోనిది కావచ్చు. దానికి చికిత్స వేరు. ఏదైనా ముందుగా నేత్రవైద్యుని చేత నిర్ధారించుకొనవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. కనుబొమ్మ గాని, రెప్ప గాని అకస్మాత్తుగా జారినా, మూతి ప్రక్కకు పోయినా, మాట తడబడినా, ఒక వస్తువు రెండుగా కనిపించినా, తీవ్రమైన తలనొప్పి తోడైనా అది సౌందర్యానికి సంబంధించిన విషయం కాదు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను. ఉదయం బాగుండి సాయంత్రానికి రెప్పలు వాలిపోతూ ఉంటే అది కండరాల బలహీనత వ్యాధి కావచ్చు. దానిని గురించి కూడా వైద్యునికి చెప్పండి.

పూర్వకర్మ

శస్త్రచికిత్సను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ అని మూడు భాగాలు చేసినవాడు మన సుశ్రుతుడే. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి నిర్మించే విధానం సుశ్రుత సంహితలో ఉన్నది. నుదుటి చర్మంతో ముక్కును నిర్మించే పద్ధతి పుణె ప్రాంతంలో ఆచరణలో ఉండగా, 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ దానిని ప్రకటించింది. కనుక శస్త్రం మనకు పరాయిది కాదు.

నా పొరపాటు జరిగినది ఈ పూర్వకర్మలోనే. "మందులేమైనా వాడుతున్నారా?" అని ప్లాస్టిక్ సర్జన్ అడిగారు. "ఏమీ లేవండీ" అన్నది అక్కయ్య. ప్రక్కనే ఉన్న నాకు గుండె గుభేలుమన్నది. మోకాళ్ళ నొప్పులకు నేను ఆరు నెలలుగా ఆమెకు ప్రతిరాత్రీ లశున క్షీరం, దానితో గుగ్గులు మాత్రలు ఇస్తున్నాను. వెల్లుల్లిని ఔషధంగా ఎక్కువ మోతాదులో వాడితే రక్తం గడ్డకట్టడం మందగించవచ్చు. గుగ్గులుకు కూడా ఆ స్వభావం ఉండవచ్చునని భావిస్తారు. తమ్ముడిచ్చినది మందే కాదని అక్కయ్య అనుకున్నది. చెప్పవలెనని నేను ఆమెకు గుర్తు చేయలేదు. తప్పు నాదే.

ఉన్నది ఉన్నట్లు అప్పుడే చెప్పాను. ఆయన కోపగించలేదు. రెండు వారాల ముందుగా అవి మానిపించి, తేదీ వాయిదా వేశారు. మేనకోడలి వివాహం మూడు వారాలలో ఉన్నందున, వివాహానంతరమే మంచిదని కూడా ఆయనే సూచించారు.

వెల్లుల్లి, పసుపు, అల్లం, జింకో మాత్రలు, చేపనూనె, విటమిన్-ఇ, నొప్పి మాత్రలు, వీటిలో ఏది వాడుతున్నా చెప్పవలెను. వంటలో వేసే పోపు సంగతి కాదు, ఔషధంగా తీసుకొనే మోతాదు సంగతి. గుండెజబ్బుకు ఇచ్చిన ఆస్పిరిన్ వంటి వాటిని మాత్రం స్వంతంగా మానరాదు. ఆ వైద్యుని అడిగియే నిర్ణయించవలెను. పొగ త్రాగేవారు కనీసం నాలుగు వారాల ముందుగా మానవలెను. లేనిచో గాయం సరిగా మానదు.

శస్త్రచికిత్సకునికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. పట్టం ఉన్నదో లేదో చూడండి. మత్తు వైద్యుని రుసుము, థియేటర్, మందులు కలిపి మొత్తం ఖర్చు వ్రాతపూర్వకంగా అడగండి. కేవలం సౌందర్యం కొరకు చేసే చికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు.

ప్రధానకర్మ

పూర్తి మత్తు గాని, స్థానిక మత్తుతో పాటు నిద్రమందు గాని ఇస్తారు. సుమారు ఒకటి రెండు గంటలు పడుతుంది. పాత పద్ధతిలో ఒక చెవి నుండి మరొక చెవి వరకు జుట్టు మాటున కోత పెడతారు. ఎండోస్కోప్ పద్ధతిలో జుట్టులో మూడు నుండి ఐదు చిన్న కోతలు చాలు. అక్కయ్యకు చేసినది ఇదే. నుదురు మరీ విశాలమైనవారికి జుట్టు అంచున కోత పెట్టడం కలదు, ఏలనగా మొదటి రెండు పద్ధతులలో జుట్టు అంచు కొంత వెనుకకు జరుగవచ్చు.

పశ్చాత్కర్మ

ఒకటి రెండు రోజులు కట్టు ఉంటుంది. రెండు మూడు రోజులకు వాపు, కమిలిన నలుపు కళ్ళ చుట్టూ దిగుతాయి. మూడవనాడు అద్దం చూచుకొని అక్కయ్య కన్నీరు పెట్టుకున్నది. రెండు వారాలలో అదంతా చాలవరకు తగ్గింది. కుట్లు వారం పది రోజులలో తీస్తారు. పది పదునాలుగు రోజులకు ఉద్యోగానికి వెళ్ళవచ్చు. శ్రమతో కూడిన పనులు మూడు నాలుగు వారాలు కూడదు.

తల ఎత్తుగా ఉంచి పడుకొనవలెను. ముగ్గులు వేయడం, ఇల్లు ఊడ్వడం, సాష్టాంగ నమస్కారం వంటి వంగే పనులు వైద్యుడు చెప్పేవరకు వద్దు. ముక్కడం కూడ తగదు కనుక మలబద్ధకం రానీయక పెసరకట్టు, ఆకుకూరలు, పలుచని మజ్జిగ ఇవ్వండి. గాయం మీద పసుపు, ఆకుపసరు, తైలం ఏవీ పూయరాదు. కంటిలో తేనె, ఆముదం వేయరాదు. అభ్యంగన స్నానం, గోరింటాకు, జుట్టు రంగు అన్నీ సర్జన్ అనుమతి తరువాతనే.

నుదురు, నెత్తి మొద్దుబారడం సహజం. బొట్టు పెట్టుకుంటే వ్రేలు తగిలినట్లే తెలియడం లేదని అక్కయ్య దిగులుపడేది. స్పర్శ తిరిగి రావడానికి వారాలు, నెలలు పట్టవచ్చు. వచ్చేటప్పుడు దురద ఉంటుంది. కోత దగ్గర జుట్టు రాలి మరల మొలవవచ్చు.

ప్రమాదాలు కూడ కలవు. రక్తం గడ్డకట్టి నిలవడం, చీము పట్టడం, రెండు బొమ్మలు సమానంగా లేకపోవడం, ఎప్పుడూ ఆశ్చర్యపడినట్లు కనిపించడం, రెప్పలు పూర్తిగా మూసుకొనక కళ్ళు పొడిబారడం జరుగవచ్చు. అరుదుగా నాడి దెబ్బతిని బొమ్మ కదలదు, లేదా మొద్దుబారిన చోట స్పర్శ తిరిగి రాదు. ఒక ప్రక్క వాపు హఠాత్తుగా పెరిగినా, జ్వరం వచ్చినా, చూపు మందగించినా వెంటనే సర్జన్ వద్దకు వెళ్ళండి.

శస్త్రం ఇష్టం లేనివారికి బోటాక్స్ సూదులు ఉన్నవి. ముడతలు తగ్గిస్తాయి. ఫలితం మూడు నాలుగు నెలలే. బాగా జారిన బొమ్మకు అవి చాలవు.

అక్కయ్యకు ఇప్పుడు యాభై ఏడు. ముఖం మీద వయస్సు ఉన్నది, ఇకముందు పెరుగుతుంది కూడ. శస్త్రచికిత్స కాలాన్ని ఆపదు. కాని సాయంకాలపు నొసటి నొప్పి లేదు, పిల్లలు కోపమా అని అడగడం లేదు. నా వద్దకు వచ్చే ప్రతివారికీ, వాడే ప్రతి చూర్ణాన్ని, కషాయాన్ని, మాత్రను ఒక చీటీ మీద వ్రాసి ఇస్తున్నాను. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ఆ చీటీ చూపండి. ఇంటి వైద్యమైనా అది వైద్యమే.