వెంట్రుకవాసి వదులు: మడత చాకు కథ

మడత చాకును పూర్తిగా తెరవండి. ఎడమచేత్తో పిడిని గట్టిగా పట్టుకుని, కుడిచేతి రెండువేళ్లతో బ్లేడును వీపువైపు నుంచి పట్టి మెల్లగా అటూ ఇటూ కదపండి. మంచి కొత్త చాకైతే కదలదు. ఏళ్ల తరబడి జేబులో తిరిగినదైతే ఊగే పన్నులా కాస్త కదిలి, "టిక్" మని చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినగానే చాకు పనైపోయిందని సొరుగులో పడేసేవాళ్లే ఎక్కువ. నిజానికి ఈ పనిముట్టు చరిత్రంతా ఆ చప్పుడు చుట్టూనే తిరిగింది.

వంటింటి కత్తికి ఈ బాధ లేదు. దాని బ్లేడు పిడిలోకి దిగి స్థిరంగా ఉండిపోతుంది. మడత చాకు రెండు పొసగని పనులు చెయ్యాలి. మడిచేటప్పుడు ఇరుసు మీద సాఫీగా తిరగాలి, కోసేటప్పుడు అసలు ఇరుసే లేనట్టు నిలబడాలి. తిరగాలంటే సందు కావాలి. నిలబడాలంటే ఆ సందు ఉండకూడదు. రెండున్నర వేల ఏళ్లుగా చాకులు చేసేవాళ్లు ఈ సందుతోనే కుస్తీ పడుతున్నారు.

మేకు నుంచి స్ప్రింగు దాకా

ఆస్ట్రియాలో ఉప్పు గనులకు పేరుపడ్డ హాల్‌స్టాట్ దగ్గర ఎముక పిడి ఉన్న ఒక మడత చాకు దొరికింది. అది క్రీ.పూ. 600-500 నాటిదని అంచనా. మనకు తెలిసిన అతి పాత మడత చాకుల్లో అదొకటి. రోమన్లూ ఇలాంటివి వాడారు. తొలినాటి సాదా మడత చాకుల్లో గడియ అంటూ ఏదీ లేదు. పిడినీ బ్లేడునీ కలిపి గుచ్చిన మేకు బిగువే ఆధారం. మన క్షౌరశాలల్లో ఒకప్పుడు కనిపించిన మడత కత్తిదీ ఇదే జాతి. గీసేటప్పుడు వేళ్లు దాని తోకను నొక్కి పట్టేవి, ఆ వేళ్లే దానికి గడియ.

ఈ పద్ధతిలో ఉన్న చిక్కు ఒకటే. మేకును గట్టిగా బిగిస్తే చాకు తెరుచుకోదు, వదిలితే నిలవదు. తెరిచి మూసిన ప్రతిసారీ ఆ మేకు కొంచెం కొంచెం అరుగుతూనే ఉంటుంది.

17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివాళ్లు పిడి వీపులో ఒక ఉక్కు స్ప్రింగును చేర్చారు. బ్లేడు మొదలును, అంటే పిడిలో దాగి ఉండే భాగాన్ని, మడమ అందాం. దాన్ని ఇంచుమించు చదరంగా చెక్కారు. మడమ తిరుగుతుంటే దాని మూల స్ప్రింగును పైకెత్తుతుంది. మూల దాటి చదునైన పక్క రాగానే స్ప్రింగు కిందికి పడి, బ్లేడును అక్కడ నిలిపేస్తుంది. బ్లేడు తిరిగే తీరును "నడక" అనీ, ఆ పడే చప్పుడును "మాట" అనీ చాకుల మీద మక్కువ ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈక కలాలు చెక్కుకున్న చాకుల్లో ఎన్నో ఈ రకానివే.

1897లో కార్ల్ ఎల్సెనర్ స్విట్జర్లాండులో నమోదు చేసుకున్న ఆఫీసర్ల చాకులో అసలు తెలివి స్ప్రింగుల్లోనే ఉంది. ఒకే స్ప్రింగు పిడికి ఇరువైపులా ఉన్న పనిముట్లకు పనికొచ్చేలా అమర్చాడు. దాంతో లావు పెంచకుండానే జేబులో ఇన్ని సాధనాలు పట్టాయి. అయితే వీపు స్ప్రింగు బ్లేడును ఆపుతుందే గాని బంధించదు. పొరపాటున వీపువైపు నుంచి ఒత్తిడి పడితే బ్లేడు వేళ్ల మీదికి మూసుకుంటుంది.

గడియ వేసిన చాకులు

ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్క పిడితో ఒక సాదా చాకు చేశాడు. దానికీ గడియ లేదు. 1955లో ఆ కుటుంబానికే చెందిన మార్సెల్ ఒపినెల్ ఇరుసు దగ్గర ఒక ఉక్కు ఉంగరాన్ని తొడిగాడు. దాన్ని వేలితో తిప్పితే అది బ్లేడు మడమకు అడ్డుపడుతుంది. ఇంతకంటే సులువైన గడియ చెయ్యడం కష్టం. ఈ చాకుకు వచ్చే చిక్కులు ఎక్కువగా చెక్కవల్లే వస్తాయి. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడును బిగపడుతుంది, ఎండితే వదులుతుంది. ఉబ్బి తెరుచుకోకపోతే పిడి కొసను బల్ల మీద తట్టి బ్లేడును బయటికి రప్పించే చిట్కాకు ఆ ప్రాంతపు పేరే పెట్టారు. ఉంగరం వదులైతే దాన్ని ఊడదీసి, పటకారుతో కాస్త నొక్కి మళ్లీ తొడిగితే సరిపోతుంది.

1960లలో అమెరికాలో బక్ సంస్థ తెచ్చిన 110 నంబరు చాకు మరో దారి పట్టింది. దాని పిడి వీపులో ఏతం మానులా నడుమ ఇరుసు మీద ఊగే ఒక ఉక్కు కమ్మీ ఉంటుంది. దాని ముందు కొస కొక్కెంలా బ్లేడు మడమలోని గాడిలో పడుతుంది. వెనక కొసను బొటనవేలితో నొక్కితే ముందు కొస లేచి బ్లేడును వదిలేస్తుంది. ఇది బలమైన గడియే. కానీ గాడిలో జేబులోని నూలుపోగు ఇరుక్కున్నా, ఇసుక రేణువు చేరినా కొక్కెం పూర్తిగా కూర్చోదు. గాడి అరిగినా చాకు పైకీ కిందికీ ఊగుతుంది.

అరుగుదలకు చోటిచ్చిన గడియ

పిడి లోపలి రేకునే గడియగా మార్చే ఆలోచనకు 1906లోనే పేటెంటు ఉంది. అమెరికాలో ఎలక్ట్రీషియన్ల చాకులు ఈ పద్ధతిని వాడుకున్నాయి. కానీ వాటిలో వీపు స్ప్రింగు అలాగే ఉండేది, రేకు దానికి తోడు మాత్రమే. 1980ల తొలినాళ్లలో మైకేల్ వాకర్ అనే చాకుల పనివాడు ఆ స్ప్రింగును తీసేశాడు. తెరిచినప్పుడు బ్లేడు ఆగడానికి ఒక స్తంభపు చీలను నిలిపాడు. మూసినప్పుడు పట్టి ఉంచడానికి రేకులో చిన్న ఉక్కు గుండును పొదిగాడు. బ్లేడు తెరుచుకోగానే పక్కకు వంచిన రేకు తన సాగుబలంతో లోపలికి జరిగి మడమ కింద నిలబడుతుంది.

ఇందులో ఉన్న భౌతికశాస్త్రం తలుపు కింద దూర్చే చెక్కముక్కదే. తలుపు తోసినకొద్దీ ఆ ముక్క బిగుసుకుంటుంది. ఇక్కడ మడమ ముఖాన్ని కొద్దిగా ఏటవాలుగా చెక్కుతారు, సుమారు 8 డిగ్రీలు. బ్లేడు మూసుకోబోయినప్పుడు మడమ రేకు మీద ఒత్తుతుంది. ఆ వాలువల్ల కొంత బలం రేకును పక్కకు నెట్టబోతుంది. దాన్ని ఆపేది ఘర్షణ. వాలు కోణపు ట్యాంజెంటు విలువ ఘర్షణ గుణకం కంటే తక్కువగా ఉన్నంతవరకూ రేకు జారదు. 8 డిగ్రీలకు ఆ విలువ 0.14. వాలు మరీ ఎక్కువైతే రేకు జారి చాకు మూసుకుంటుంది. మరీ తక్కువైతే రేకు కరుచుకుపోయి, మూద్దామన్నా రాదు. ఇరుసుకు వేసే నూనె గడియ ముఖం మీద చేరకూడదనేది అందుకే. అక్కడ మనల్ని కాపాడుతున్నది ఘర్షణే.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చేది మరొకటి. ముఖాలు అరిగిపోతే రేకు ఇంకాస్త లోపలికి జరిగి ఆ ఖాళీని తానే పూడుస్తుంది. అంతకుముందు గడియల్లో చాలామటుకు అరుగుదలకు భయపడ్డాయి. ఇది అరుగుదలకు ముందే చోటు ఉంచింది.

దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాకు వెళ్లిన క్రిస్ రీవ్ ఈ ఆలోచనను సెబెంజా అనే చాకులో ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. జులూ భాషలో ఆ మాటకు పని అని అర్థం. లోపల విడిగా రేకు లేకుండా మందపాటి టైటానియం పిడిలో ఒక పక్కనే చీల్చి గడియగా మలిచాడు. టైటానియానికి ఉక్కును పట్టుకుని అంటుకునే గుణం ఉంది. అందుకని గడియ ముఖాన్ని వేడిచేసి గట్టిపరిచేవారు. ఆ తర్వాత అదే సంస్థ అక్కడ సిరామిక్ గుండును అమర్చింది.

చిన్న సందు, పెద్ద ఊపు

ఇరుసు దగ్గర 10 మి.మీ. వెడల్పు వాషర్ల నడుమ 0.05 మి.మీ. సందు ఉందనుకుందాం. సన్నని వెంట్రుక మందమది. 80 మి.మీ. పొడవున్న బ్లేడు కొస దగ్గరకు వచ్చేసరికి అది ఎనిమిదింతలై 0.4 మి.మీ. అవుతుంది. బలానిదీ అదే లెక్క. ఇరుసుకు 80 మి.మీ. దూరంలో 5 కిలోల ఒత్తిడి పడితే, 8 మి.మీ. దూరంలో ఉన్న గడియ మీద 50 కిలోల భారం పడుతుంది. మామిడి అంటు కట్టేవాళ్లకు ఈ ఊపు ఎంత నష్టమో బాగా తెలుస్తుంది. కోత సమంగా రాకపోతే రెండు కొమ్మల బెరడు కింది పొరలు కలవవు, అంటు బతకదు.

చాకు బాగుచేసే ముందు అది ఎటు ఊగుతోందో తేల్చుకోవాలి. పక్కలకు ఊగితే లోపం ఇరుసులో ఉంది. పైకీ కిందికీ ఊగితే గడియలోనో, ఆపే చీలలోనో ఉంది. ఈ తేడా తెలియక ఇరుసును బిగించి బిగించి చాకును పాడుచేసుకుంటారు.

స్క్రూ పట్టే ముందు శుభ్రం చెయ్యండి. సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు, తర్వాత పూర్తిగా ఆరబెట్టడం. గడియ సరిగా కూర్చోకపోవడానికి తరచుగా మురికే కారణం. చెక్క పిడి చాకునైతే నీళ్లలో ముంచకుండా పొడిబ్రష్షుతో దులపండి.

పక్కలకు ఊగే చాకుకు ఇరుసు స్క్రూను ఒక చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పండి. తెరిచి మూసి చూడండి. కావాలంటే మళ్లీ అంతే. ఊపు పోయి, బ్లేడు ఇంకా సాఫీగా తిరిగే చోట ఆగాలి. ఆ చోటు చాలా ఇరుకు. నక్షత్రం తల స్క్రూకు సరిగ్గా సరిపోయే బిట్టు తప్పనిసరి. బ్లేడు పదునుమీద టేపు చుట్టండి. బిగించిన స్క్రూ కొద్దిరోజుల్లో మళ్లీ వదులైతే, మరలమీద థ్రెడ్‌లాకర్ ఒక చిన్న బొట్టు చాలు. 1953లో అమెరికా ప్రొఫెసరు వెర్నన్ క్రీబుల్ రూపొందించిన జిగురు ఇది. గాలి తగిలినంతసేపూ ద్రవంగానే ఉండి, గాలి అందని మరల మధ్య లోహాన్ని తాకి గట్టిపడుతుంది. మళ్లీ విప్పడానికి వీలిచ్చే నీలి రకమే వాడాలి. అది వాషర్లలోకి పాకితే బ్లేడు తిరగదు, కాబట్టి బొట్టు మరలకే పరిమితం కావాలి.

రివెట్టు ఉన్న చాకుకు స్క్రూ ఉండదు. రివెట్టు ఒక తలను ఇనుప దిమ్మ మీద ఆన్చి, చిన్న సుత్తితో రెండో తల అంచుల చుట్టూ తేలికగా తట్టాలి. రెండు మూడు దెబ్బలకోసారి బ్లేడు తిప్పి చూడాలి. ఎక్కువ కొడితే బిగుసుకుపోతుంది, తిరిగి వదిలించడం కష్టం.

పైకీ కిందికీ ఊగితే ముందు ఆపే చీలను చూడండి. కొన్ని చాకుల్లో దాన్ని కొద్దిగా తిప్పితే అరగని పక్క బ్లేడుకు తగులుతుంది, అంతటితో ఊపు పోతుంది. లేకపోతే వెంట్రుకవాసి ఎక్కువ లావున్న చీలను వెయ్యాలి. గడియ కరుచుకుపోతుంటే ముఖాన్ని శుభ్రంగా తుడిచి పెన్సిలు ముల్లుతో రుద్దండి, గ్రాఫైటు పట్టు వదిలిస్తుంది. గడియ జారుతుంటే మాత్రం మీరు ఆకురాయి పట్టవద్దు. ఒక డిగ్రీ తేడా వచ్చినా వేళ్లకు ప్రమాదం, పోయిన లోహం తిరిగి రాదు. ఆ చాకును తయారుచేసినవాళ్లకో, పని తెలిసినవాళ్లకో అప్పగించండి. బాగుచేశాక పరీక్షించేటప్పుడు కూడా బ్లేడు మూసుకునే దారిలో వేలు ఉంచకండి.

చివరిగా, రేకు గడియ చాకును తెరిచి పిడి లోపలికి తొంగి చూడండి. కొత్త చాకులో రేకు మడమ వెడల్పులో తొలి అంచు దాటి కాస్త లోపల నిలబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త జరుగుతూ అవతలి అంచుకు చేరుతుంది. రేకు ఇప్పుడు ఎక్కడుందో చూస్తే చాకు వయసు తెలుస్తుంది. అవతలి అంచుకు ఇంకెంత దూరం మిగిలిందో, ఆయుష్షు అంత.