పాత పెట్టెలో క్రొత్త భాగములు

పాత ద్వారబంధమునకు క్రొత్త తలుపు బిగింపవలసి వచ్చినపుడు వడ్రంగి మొదట చిత్రిక పట్టడు, కొలబద్ద పట్టును. తలుపు ఎక్కడ ఎంత ఒరయుచున్నదో తెలిసికొని, పిదప ఏది చెక్కవలెనో నిర్ణయించును. పాత కంప్యూటరు పెట్టెలో క్రొత్త భాగములను అమర్చు పనియు ఇట్టిదే. కాని ఇందొక భేదము కలదు. వడ్రంగి తలుపునైనను, బంధమునైనను చెక్కవచ్చును. ఇక్కడ పెట్టె రేకును మాత్రమే కోయవచ్చును. అందు అమర్చు భాగములను కోయరాదు.

పామర్రులో ఒక ఉన్నత పాఠశాలయందు పాత కంప్యూటరొకటి మూలబడి యున్నదనుకొందము. బందరు రోడ్డు, గుడివాడ రోడ్డు కలియు కూడలి అది. బెజవాడ పోయి క్రొత్త మదర్‌బోర్డును తెచ్చుట కష్టము కాదు. తెచ్చినది పెట్టెలో ఇముడునా? ఇది పెట్టె వయస్సునుబట్టి యుండును.

1984లో ఐబీఎం సంస్థ వెలువరించిన పీసీ ఏటీ అను యంత్రపు కొలతలను పెక్కు సంస్థలు అనుసరించినవి. వాటిని ఏటీ పెట్టెలందురు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను క్రొత్త ప్రమాణమును ప్రకటించినది. దీని ప్రకారము పూర్తి బోర్డు 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు ఉండును. తరువాత వచ్చిన మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మి.మీ. చదరము. చిన్న బోర్డు మరబెజ్జములు పెద్ద బోర్డు పెట్టెలోని స్థానములకే సరిపడునట్లు ఏర్పరచిరి. అందుచేత 1990 దశకపు చివరి ఏటీఎక్స్ పెట్టెలో నేటి మైక్రో ఏటీఎక్స్ బోర్డు సాధారణముగా ఇముడును. ప్రమాణము వలన కలుగు మేలు ఇదియే.

బోర్డు ఇమిడినను వెనుకనున్న రంధ్రముల రేకు సరిపడకపోవచ్చును. పాత రేకును లోనికి నొక్కి తీసి, క్రొత్త బోర్డుతో వచ్చిన రేకును అమర్చవలెను. అది లభింపనిచో పలుచని అల్యూమినియం రేకును కత్తిరించి వాడవచ్చును. ఆ ఖాళీని తెరచి విడిచినచో బల్లులు, బొద్దింకలు లోనికి జొచ్చును.

బోర్డు క్రింద ఇత్తడి స్తంభికలు ఉండును. ఇవి బోర్డును రేకునకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున నిలుపును. బోర్డు అడుగున టంకము వేసిన మొనలు వందలకొలది కలవు. బోర్డులో బెజ్జము లేనిచోట స్తంభిక మిగిలియున్నచో అది ఆ మొనలకు తగిలి షార్టు సర్క్యూటు కలిగించును. కావున స్తంభికలను లెక్కించి, అదనపు వానిని తీసివేసిన పిదపనే బోర్డును బిగింపవలెను.

డిస్కుల విషయమున ఉపాయమునకు ఎక్కువ చోటు కలదు. పాత పెట్టెలోని అర 3.5 అంగుళముల డిస్కునకు ఏర్పడినది. నేటి ఎస్ఎస్‌డీ 2.5 అంగుళములది. ఎస్ఎస్‌డీలో తిరుగు భాగములు లేవు. తేలికైనది గనుక రెండు వైపుల అంటు టేపుతో అతికించినను చాలును. హార్డు డిస్కు అట్లు కాదు. దాని పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 సార్లు తిరుగును. వదులుగా నుంచినచో అదురును. అందుచేత దానిని మరలతో గట్టిగా బిగింపవలెను.

ఫ్యాను విషయమున చిన్న లెక్క ఉపకరించును. 80 మి.మీ. ఫ్యానుకు బదులు 120 మి.మీ. ఫ్యాను పెట్టినచో వ్యాసము ఒకటిన్నర రెట్లగును, వైశాల్యము 2.25 రెట్లగును. అందుచేత పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగియు అంతే గాలిని త్రోయగలదు, చప్పుడు తగ్గును. డెల్టా ప్రాంతపు వేసవి ఉక్కలో ఇది చిన్న లాభము కాదు. ఇందుకు రేకు కోయవలసి యున్నచో ముందుగా కాగితముపై నమూనా గీచి, లోని భాగములన్నిటిని బయటికి తీసి, అటుపిమ్మట రంపము పట్టవలెను. లోహపు రజను ఒక్క రేణువు బోర్డుపై పడినను చేటు తెచ్చును. కోసిన అంచులను ఆకురాయితో నునుపుచేసి రంగు పూయవలెను. లేనిచో తేమగాలికి త్రుప్పు పట్టును.

ఇంతవరకు చెప్పినవి ఉపాయములు. ఉపాయము పనికిరాని తావు విద్యుత్తు. పెక్కు ఏటీ పెట్టెలలో ముందరి స్విచ్చి గుండా 230 వోల్టుల ఇంటి విద్యుత్తే నేరుగా ప్రవహించును. ఏటీఎక్స్ పెట్టె మీట అట్టిది కాదు. అది బోర్డుపైనున్న రెండు సూదులను క్షణకాలము కలుపును, వాటి మధ్య 5 వోల్టులకు మించి ఉండదు. పాత స్విచ్చి తీగలను క్రొత్త బోర్డుకు కలిపినచో బోర్డు కాలిపోవుటయే కాదు, తాకినవారి ప్రాణమునకే ముప్పు. ఏటీ పవర్ సప్లై క్రొత్త బోర్డుకు కావలసిన 3.3 వోల్టులను కూడ ఈయజాలదు. కావున స్విచ్చిని, పవర్ సప్లైని రెండింటిని మార్చి తీరవలెను.

పవర్ సప్లై డబ్బాను విద్యార్థులు విప్పరాదు. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు గరిష్ఠ విలువ సుమారు 325 వోల్టులు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోని కెపాసిటర్లలో అంతటి విద్యుత్తు కొంతసేపు నిలిచి యుండవచ్చును. మూడు కాళ్ల ప్లగ్గులోని లావైన కాలు ఎర్తుది. పవర్ సప్లై మరల ద్వారా పెట్టె రేకంతయు దానితో కలిసి యుండును. రేకు పెట్టెకు బదులు అట్టపెట్టె వాడినచో ఈ రక్షణ పోవును. నిప్పు భయము చేరును.

సరిపడని పెట్టెను కొంచెము కోసి సరిచేసినచో ఒక పాఠశాలకు ఒక యంత్రము మిగులును. చెత్తలో కలియు లోహము, ప్లాస్టిక్కు ఆ మేరకు తగ్గును. పనికిరాదని తేలిన భాగములను మాత్రము కాల్చరాదు, కాలువలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమములనుబట్టి నమోదైన శుద్ధికర్తలకు చేర్చవలెను. ఏది మార్చవచ్చునో, ఏది మార్చరాదో కొలిచి తెలిసికొనుటయే ఈ పనిలోని మొదటి పాఠము. రంపము పట్టుట రెండవది.