పర్రభూమి బీడు కాదు

గుంటూరు, ప్రకాశము మెట్ట రైతులు భూసార పరీక్ష పత్రములో ‘సేంద్రియ కర్బనము’ అను గడిని చూచియే యుందురు. అది నూటికి 0.5 పాలు కంటె తక్కువైనచో ఆ నేలలో కర్బనము తక్కువని చెప్పుదుము. నల్లరేగడిలో ఎంత పశువుల పెంట తోలినను నిలువదేల? దున్నినపుడెల్ల నేలలోనికి గాలి చొరబడును. ఎండవేడిమికి సూక్ష్మజీవులు చెత్తను త్వరగా కుళ్లబెట్టి, అందలి కర్బనమును బొగ్గుపులుసు వాయువుగా మార్చివేయును.

ఇందుకు విరుద్ధమైన నేల మన తీరముననే గలదు. రేపల్లె, నిజాంపట్నము ప్రాంతములలో, కృష్ణానది మొగల వద్ద ఆటుపోటులకు తడియుచుండు మడ అడవులను, పర్రభూములను మీరెరుగుదురు. అచ్చటి మడ, తిల్ల చెట్లు, ఇలకూర మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి పెరుగును. రాలిన ఆకు, చచ్చిన వేరు బురదలో కూరుకొనిపోవును. దానిపై ఒండ్రు కప్పుకొనును. ఆ బురదలో గాలి యుండదు; అందుచేతనే మడచెట్టు ఊపిరికొరకు వేళ్లను మేకులవలె పైకి పంపును. గాలి లేనిచోట కుళ్లుట మిక్కిలి నెమ్మదిగా సాగును. కావున ఏటేటి కర్బనము పొరలు పొరలుగా వందల యేండ్లు నిలిచియుండును. మడ అడవి కూడబెట్టిన కర్బనములో అధికభాగము చెట్లలో కాదు, బురదలోనే గలదు.

త్రవ్విన కలుగు నష్టము

రొయ్యల చెరువులకై ఈ నేలను త్రవ్వి గట్లు పోసిన యెడల బురదకు గాలి తగులును. తరతరముల నిల్వ వాయువై పోవనారంభించును. ఒక టన్ను కర్బనము సుమారు 3.67 టన్నుల బొగ్గుపులుసు వాయువగును. పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 1958లో సుమారు 315 పాళ్లుండగా, 2024లో 424 పాళ్లకు చేరినది. దీనివలన భూమి వేడెక్కి, సముద్రమట్టము పెరుగుచున్నది, కుంభవృష్టులు హెచ్చుచున్నవి. చేలోని పత్తికి, కల్లములోని మిరపకాయకు ఇది దూరపు సంగతి కాదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను తీరవాసులు మరువలేదు. అంతటి ఉప్పెనను మడ అడవి పూర్తిగా ఆపునని చెప్పజాలము గాని, అలల జోరును అది తగ్గించును.

చేయదగిన పనులు

1. గ్రామాధికారులు పర్రను పనికిరాని బంజరుగా తలపరాదు. 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన మడ అడవులను, ఉప్పు పర్రలను మిక్కిలి రక్షణగల తరగతిలో చేర్చినది. ఆక్రమణ కనిపించిన వెంటనే పై అధికారులకు తెలుపవలెను.

2. మడ చెడినచోట గుంటలలో నీరు నిలిచి, ఎండి, ఉప్పు పేరుకొనును, మొలక చచ్చును. చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి పోటునీరు వచ్చిపోవునట్లు చేసిన మొక్క నిలుచును. అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ కృష్ణా, గోదావరి మడలలో ఈ పద్ధతిని అమలుపరచినవి. కావున గ్రామస్థులు అటవీశాఖ వారితో కలసి ఈ పని చేయవలెను.

3. మెట్ట రైతులు పత్తిమోళ్లను కాల్చక, ముక్కలుచేసి నేలలో కలియదున్నవలెను.

పొలములో కర్బనము పెంచుటకు ఎంత పెంట, ఎంత కూలి కావలెనో మీకు తెలియును. పర్రలో అది ఖర్చులేకయే చేరుచున్నది. దానిని త్రవ్వి పోగొట్టుకొనరాదు.