నాలుగు చానెళ్ల ధ్వనివర్ధకము: నిర్మాణము, రొదపరీక్ష

ధ్వనివర్ధకమును జూచినవారు మొదట నడుగు ప్రశ్న, అది యెంత బిగ్గరగా బలుకుననియే. పలుకకూడని సమయమున నెంత నిశ్శబ్దముగా నుండునని యడుగువా రరుదు. కాని ప్రార్థనామందిరమున నందఱును తలలు వంచి మౌనముగా నున్నవేళ నాలుగు మూలలనుండియు తుమ్మెదరొద వినవచ్చినచో, ఆ యంత్రమున కెంత బలమున్నను ప్రయోజనము లేదు. కావున నింటియందే నాలుగు చానెళ్ల యంత్రము నమర్చి, దాని రొదను కొలిచి, కారణమును గుర్తించు విధమును ఈ వ్యాసమున వివరింతును.

ఒక్కొక్క చానెలునకు ఐదు కాళ్లుగల టీడీఏ2030 అను చిప్పొకటి చాలును. దానికి 22 కిలో ఓములు, 680 ఓములుగల రెండు నిరోధకముల నమర్చినచో, లోనికి వచ్చిన సంకేతమును సుమారు 33 రెట్లు పెంచును. నాలుగు చానెళ్లకును కలిపి 9-0-9 వోల్టుల, 3 ఆంపియర్ల ట్రాన్సుఫార్మరొకటి, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు రెండు వలయును. 8 ఓముల స్పీకరునకు చానెలొక్కటికి సుమారు 5 వాట్లు లభించును. చిప్పు వెనుకనున్న లోహపు రేకు ఋణవోల్టుతో గలిసియుండును. కావున దానిని చల్లార్చు అల్యూమినియపు పలకకును దానికిని నడుమ అభ్రకపు పొర నుంచుట మఱవరాదు.

రొద రెండు విధములు. మొదటిది బుసవంటి ధ్వని. నిరోధకములోని ఎలక్ట్రానులు వేడిమివలన నెడతెగక చలించుటచే నిది పుట్టును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు పనిచేసిన జాన్సన్ ఈ విషయమును 1928లో ప్రకటింపగా, నైక్విస్టు అదే సంవత్సరమున గణితముచే నిరూపించెను. వినదగిన ధ్వనుల పరిధిలో 1 కిలో ఓము నిరోధకమున నిది సుమారు 0.57 మైక్రోవోల్టు. మన చిప్పు స్వయముగా గల్పించు రొద సుమారు 3 మైక్రోవోల్టులు. 33 రెట్లు పెరిగి స్పీకరువద్ద 0.1 మిల్లీవోల్టగును. 5 వాట్ల ధ్వనికి 6.3 వోల్టులు గనుక, రొదకంటె ధ్వని 96 డెసిబెల్లు హెచ్చు. ఇంతటి స్వల్పరొద సభామందిరమున నెవ్వరికిని వినబడదు. అనగా చిప్పును నిందింప బనిలేదు.

రెండవది ఝుంకారము. మనకు శత్రు విదియే. ఇది చిప్పులో బుట్టదు, తీగల కూర్పులో బుట్టును. మన దేశపు విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు పూర్తిచేయును. బ్రిడ్జి దాటిన పిమ్మట కెపాసిటర్లు సెకనునకు 100 మాఱులు తటాలున నిండుచుండును. ఆ తటాలుప్రవాహము 1 ఆంపియరనుకొందము. 1 చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగ 6 సెంటీమీటర్లకు నిరోధము 0.001 ఓము మాత్రమే. అయినను అందు 1 మిల్లీవోల్టు కలుగును. ఆ తీగముక్కనే సంకేతపు గ్రౌండుగా గూడ వాడినచో నా మిల్లీవోల్టు 33 రెట్లు పెరిగి, చిప్పు సహజరొదకు 300 రెట్లు మించిన ఝుంకారమగును. కావున రెండు కెపాసిటర్ల నడుమ తీగను ముందుగా గలిపి, అచ్చటినుండి చిన్న తీగతో నక్షత్రబిందువున కేగి, ప్రతి చానెలు గ్రౌండును వేఱువేఱుగా నా బిందువునకే చేర్పవలెను.

చానెళ్లు పలువైనకొలది మఱియొక చిక్కు కలదు. నాలుగు సంకేతపు తీగల కవచములును ఒకవైపు పాటపెట్టె యందును, మఱొకవైపు మన యంత్రమునందును కలియుటచే వలయము లేర్పడును. ట్రాన్సుఫార్మరు అయస్కాంతక్షేత్ర మా వలయములందు 50 ఆవృత్తుల ప్రవాహమును బుట్టించును. ఒంటరిగా మౌనముగా నుండు చానెలు, పొరుగుదానితో గలియగనే మ్రోగుట కిదియే హేతువు. నాలుగు తీగలను ఒకే కట్టగా నడుపుట, ట్రాన్సుఫార్మరును దూరముగా నుంచుట, ప్రతి సంకేతపు గ్రౌండునకును నక్షత్రబిందువునకును నడుమ 10 ఓముల నిరోధక ముంచుట దీనికి చికిత్సలు.

ఇక పరీక్ష. ప్రథమమున 60 వాట్ల బల్బును వరుసలో గలిపి విద్యుత్తు నియ్యవలెను. బల్బు క్షణము వెలిగి మందగించినచో క్షేమము. పిమ్మట ప్రతి చానెలు ప్రవేశమును గ్రౌండునకు గలిపి, ఒక్క చానెలునకే విద్యుత్తిచ్చి కొలువవలెను. తరువాత రెండవది, మూడవది, నాలుగవది క్రమముగా జేర్పవలెను. ఎచ్చట రొద హెచ్చునో అచ్చటి కూర్పే దోషి. సాధారణ మల్టీమీటరు మిల్లీవోల్టులో పదియవ వంతును సరిగా జూపజాలదు. ల్యాప్‌టాపులో ధ్వనిని ముద్రించి, ఉచితముగా లభించు ఆడాసిటీ వంటి ప్రోగ్రాముతో ఆవృత్తుల పటమును జూచుట మేలు. ముందుగా ల్యాప్‌టాపు స్వంత రొదను వేఱుగా ముద్రించి పోల్చుకొనవలెను. చార్జరును దీసి బ్యాటరీపైననే నడుపవలెను. లేనిచో క్రొత్త వలయ మేర్పడును. పటమున 50 వద్ద శిఖరమున్న వలయమో, ట్రాన్సుఫార్మరు సమీపమో కారణము. 100 వద్ద నున్న కెపాసిటర్ల ప్రవాహము కారణము. అంతటను సమముగా నున్న నది సహజమైన బుస. కడపట నొక చానెలునకు 1,000 ఆవృత్తుల ధ్వని నిచ్చి, తక్కినవానియం దెంత జొరబడినదో చూడవలెను. మొదటిదానియందు 5 వోల్టు లుండగా పొరుగున 5 మిల్లీవోల్టు లున్నచో వేఱుపాటు 60 డెసిబెల్లు.

తుదకొక ముఖ్యమైన హెచ్చరిక. ప్లగ్గునందలి ఎర్తు తీగను దీసివేసినచో ఝుంకార మొక్కొక్కప్పుడు తక్షణమే తగ్గును. ఈ సులభోపాయమును పలువురు బోధింతురు. దాని నెన్నడును జేయరాదు. ట్రాన్సుఫార్మరులోని పొర చెడినచో 230 వోల్టులు లోహపు పెట్టెపైకి వచ్చును. ఎర్తున్నయెడల ఫ్యూజు కాలిపోవును. లేనియెడల మైకును బట్టుకొన్న బాలుని దేహమే దానికి మార్గమగును. వలయమును నక్షత్రబిందువువద్దను, 10 ఓముల నిరోధకమువద్దను త్రెంపవలెను గాని, ప్రాణమును గాచు తీగవద్ద గాదు. ఎర్తును నిలిపియుంచి రొదను బాపిన యంత్రమే పదిమంది నడుమ నుంచదగినది.